ఐరిస్ పువ్వుకు పేరెవరు చెబుతారు?

ఐరిస్ పువ్వును మనవాళ్లలో చాలామంది పటాల్లోనే చూసి వుంటారు. వాన్ గో అనే డచ్చి చిత్రకారుడు 1889లో ఫ్రాన్సులో ఒక ఆసుపత్రిలో వుంటూ, ఆ ఆవరణలో పూసిన ఐరిస్ మడిని చూసి ఒక పటం వేశాడు. కత్తుల్లాంటి ఆకులు, వాటి మధ్య నీలంరంగు పువ్వులు. క్యాలెండర్ల మీదా, పుస్తకాల అట్టల మీదా ఆ బొమ్మ ఇప్పటికీ కనిపిస్తూనే వుంటుంది. ఆ పువ్వును చెట్టున చూడాలంటే మాత్రం మన తెలుగునాట కుదరదు. అడవి ఐరిస్ మన నేల మీద పుట్టదు. హిమాలయాలు, మధ్య ఆసియా, టర్కీ, ఐరోపా, చైనా, జపాను, ఉత్తర అమెరికా, ఇవీ దాని పుట్టిళ్లు. అన్నిచోట్లా కలిపి దాదాపు 300 జాతులు వున్నాయంటారు.

అయినా దాని పోలిక మనకు బొత్తిగా తెలియనిది కాదు. పసిపిల్లలకు మాటలు రావాలని నాలుకకు రాసే వసకొమ్ము ఏ ఇంట్లో లేదు? ఆ వస మొక్క ఆకులు అచ్చం ఐరిస్ ఆకుల్లాగే కత్తివాటుగా వుంటాయి. ఐరోపాలో నీటి ఒడ్డున పెరిగే పచ్చ ఐరిస్‌కు 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు ‘ఐరిస్ సూడాకోరస్’. అంటే ‘దొంగ వస’ అన్నమాట! పువ్వు పూసేదాకా అది వసో ఐరిసో పోల్చుకోవడం వాళ్లకూ కష్టమే అయివుండాలి.

ఈ పువ్వు గొడవ నాకెందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. మా అక్కయ్య మిలిటరీ నర్సు. 1960ల చివర శ్రీనగర్‌లోనూ, తరువాత రాణీఖేత్‌లోనూ పనిచేసింది. సెలవు దొరికినప్పుడల్లా కొండలెక్కి పువ్వులు కోసుకొచ్చి, ఒక పెద్ద లెడ్జరు పుస్తకంలో కాగితాల మధ్య పెట్టి ఒత్తేది. ప్రతి కాగితం అడుగునా తారీఖు, ఊరు, ఒకటి రెండు మాటలు రాసేది. ఆవిడ పోయాక ఆ లెడ్జరు మా అక్కయ్య కూతురి చేతికి వచ్చింది. “పిన్నీ, పారేద్దామంటే నాకు చేతులు రావడంలేదు. దాచుకుందామంటే మా ఫ్లాటులో చోటు లేదు. నువ్వే ఏదో ఒక దారి చూడు” అని తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

మా ఊరి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేష్టారిని కలిశాను. ఆయన పేజీలు తిప్పి చూసి, “తప్పకుండా తీసుకుంటామండీ. హెర్బేరియం బీరువాలో పెడితే నూరేళ్లు వుంటాయి. కాని పేర్లు వుండాలి. పేరు లేని షీటు బీరువాలో వున్నా లేనట్టే” అన్నారు. మొత్తం 31 షీట్లు. వాటిలో 26 ఆయనా, ఆయన శిష్యులూ చూసి తేల్చేశారు. మిగిలిన ఐదూ ఐరిస్‌లు. “ఇవి మాకు అలవాటులేని మొక్కలు. సరైన పుస్తకం దొరికితే మీరే చెప్పెయ్యవచ్చు” అన్నారు నవ్వుతూ. నేను తెలుగు పంతులమ్మగా రిటైరయినదాన్ని. అయినా అక్కయ్య గొలుసుకట్టు చేతిరాత చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే గనక ఒప్పుకున్నాను.

మా మనవరాలు ముందు ఫోను తీసింది. షీటు ఫొటో తీసి అడిగితే ఐదింటికీ ఒకే జవాబు వచ్చింది, తోటల్లో పెంచే ఐరిస్ అని. దానితప్పేం లేదు, పాపం. ఎండి గోధుమరంగుకు తిరిగిన పువ్వును చూసి అది మాత్రం ఏం చెబుతుంది? తరువాత ఒక పెద్ద దుకాణానికి రాసి, ఐరిస్‌ల గురించి సమగ్రమైన పుస్తకం కావాలని తెప్పించాను. నెల పింఛనులో పెద్ద ముక్కే పోయింది. నునుపు కాగితం, వందలకొద్దీ రంగు ఫొటోలు. తీరా చూస్తే అన్నీ తోటమాలులు సంకరం చేసి పుట్టించిన పూలే! గులాబిరంగు, కాఫీరంగు, అంచులు కుచ్చిళ్లు పోసినవి, ఒకటేమిటి! అడవి జాతుల గురించి చివర ఒకటిన్నర పేజీ. ఐరిస్ పుస్తకాలు కొనేవాళ్లు మొట్టమొదట గమనించవలసింది ఇదే. తోటపూల పుస్తకం వేరు, అడవి జాతుల పుస్తకం వేరు. అట్ట మీద బొమ్మ చూసి డబ్బు కడితే నగల దుకాణానికి వెళ్లి గనుల సంగతి అడిగినట్టు వుంటుంది.

అడవి ఐరిస్‌లకు అసలైన పెద్దపుస్తకం రాసినవాడు వృక్షశాస్త్రం ఆచార్యుడు కాడు, నాలాగే బడిపంతులు. పేరు విలియం రికట్సన్ డైక్స్. ఇంగ్లండులో చార్టర్‌హౌస్ అనే బడిలో పాఠాలు చెబుతూ, ఇంటి తోటలో ఐరిస్‌లు పెంచేవాడు. ఆయన రాసిన ‘ది జీనస్ ఐరిస్’ 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం అచ్చువేసింది. చేతులతో ఎత్తలేనంత పుస్తకం. అందులో 47 రంగుల పటాలు అదే బడి డ్రాయింగు మేష్టారు ఫ్రాంక్ రౌండ్ వేసినవి. ఒక బడిలో ఇద్దరు మేష్టర్లు కలిసి చేసిన పని నూరేళ్లు దాటినా ఇంకా చెల్లుబాటవుతూ వుందంటే, మా వృత్తివాళ్లకు కాస్త గర్వంగా వుండదూ?

డైక్స్‌కు దారి చూపినవాడు సర్ మైకేల్ ఫాస్టర్. ఈయనా వృక్షశాస్త్రి కాడు. కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రానికి మొట్టమొదటి ప్రొఫెసరు. టర్కీ మొదలైన దేశాల్లో వుండే మిషనరీలకు ఉత్తరాలు రాసి దుంపలు తెప్పించుకుని తోటలో నాటేవాడు. 1907లో ఆయన పోయాక ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు డైక్స్ చేతికి వచ్చాయి. డైక్స్ వాటిని ఉన్నవున్నట్టు నమ్మి ఊరుకోలేదు. హెర్బేరియాల్లో పాత షీట్లు తిరగేశాడు. విత్తనాలు తెప్పించి, మొలకెత్తించి, పువ్వు పూసేదాకా కాచుకుని, వేరువేరు జాతులని ఇద్దరు ముగ్గురు పేర్లు పెట్టినవి నిజానికి ఒకే జాతిలో రంగు తేడాలని ఎన్నోచోట్ల తేల్చాడు. ఐరిస్‌ను విత్తనం నుంచి పూయించాలంటే ఏళ్లు పడుతుందని గుర్తుంచుకోండి. 1925లో మోటారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆయనకింకా యాభై నిండలేదు.

ఈ పుస్తకాన్ని 1974లో అమెరికాలో డోవర్ కంపెనీవారు మళ్లీ అచ్చువేశారు. మొదటి ముద్రణ ప్రతులు మనబోటివాళ్లు కొనగలిగినవి కావు. అదృష్టం ఏమిటంటే, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఉచిత గ్రంథాలయంలో ఆ మొదటి ప్రతిని రంగుపటాలతో సహా ఇంటర్నెట్‌లో పెట్టారు. మా మనవరాలి టాబ్లెట్‌లో పేజీ పేజీ తిప్పుతూ, మధ్యాహ్నం నిద్ర మానేసి ఒక వారం చదివాను.

డైక్స్‌ను చదివాక నాకొక సంగతి బోధపడింది. ఎండిన పువ్వులో రంగు పోతుంది గాని కొలతలు పోవు. ఐరిస్ పువ్వుకు మూడు రేకులు పైకి నిలబడతాయి, మూడు కిందికి వాలతాయి. నడుమ రేకుల్లాగే కనిపించే మరి మూడు నిజానికి కీలాలు. వాలిన రేకు మీద గడ్డంలాగా వెంట్రుకలు వుంటే ఒక తెగ. వెంట్రుకలు లేకుండా కోడిజుట్టులాంటి మిట్ట వుంటే ఇంకొక తెగ. రెండూ లేకుండా నున్నగా వుంటే మరొకటి. పువ్వు అడుగున సన్నని గొట్టం ఎంత పొడుగు, కాడ కొమ్మలు వేసిందా లేదా, వేరు దగ్గర దుంప వుందా, గడ్డ వుందా, లేక సన్నని పిల్లవేళ్లు ఉబ్బి గుత్తిగా వున్నాయా అన్నవి చూడాలి. మంచి పుస్తకం ఏదంటే, రంగు గురించి రెండు మాటలు చెప్పి వీటి గురించి పది మాటలు చెప్పేది. నా మట్టుకు నేను పుస్తకాన్ని కొలిచే గజం ఇదే.

అయితే డైక్స్ ఒక్కడే చాలడు. ఎందుకో మూడో షీటు కథ చెబుతాను. గడ్డిలాగా బిరుసైన సన్నని ఆకులు, నున్నని పువ్వు. అక్కయ్య కాగితం మూల, ఎవరో డాక్టరుగారు చెప్పారు కాబోలు, పెన్సిలుతో ‘ఐరిస్ ఎన్సాటా’ అని రాసుకుంది. 1872 నుంచి 1897 దాకా ఏడు సంపుటాలుగా వచ్చిన హుకర్‌గారి ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’లో ఆరో సంపుటం తీస్తే అందులోనూ అదే పేరు. డైక్స్ దగ్గరా అదే పేరు. పని అయిపోయిందనుకుని కొత్త పుస్తకం చూస్తే, ఎన్సాటా అంటే జపానులో నీటి మడుల్లో పూసే పెద్ద పువ్వు! ఆకాశానికీ భూమికీ వున్నంత తేడా.

జరిగింది ఏమిటంటే, థున్‌బర్గ్ అనే స్వీడను దేశస్థుడు 1794లో ‘ఎన్సాటా’ అని పేరు పెట్టింది జపాను మొక్కకే. తరువాతి వాళ్లు ఆ పేరును మధ్య ఆసియా గడ్డి ఐరిస్‌కు తగిలించారు. జపాను పువ్వేమో ‘కెంఫెరి’ అనే ఇంకో పేరుతో చలామణీ అయింది. చివరికి చిక్కు విడదీసి ఎవరి పేరు వారికి ఇచ్చారు. గడ్డి ఐరిస్‌కు పల్లాస్ 1776లోనే పెట్టిన ‘లాక్టియా’ అనే పేరు నిలిచింది. డాక్టరుగారి మాట ఆయన కాలపు పుస్తకం ప్రకారం రైటే. ఈనాటి లేబులు మీద అదే రాస్తే మాత్రం, కాశ్మీరంలో జపాను పువ్వు పుట్టిందని ఎవడో ఒక కుర్రవాడు వ్యాసం రాసేస్తాడు!

అందుకని ఒక పాత పుస్తకానికి జతగా ఒక కొత్త పుస్తకం వుండి తీరాలి. ఆ కొత్తదాన్ని ఎన్నుకోవలసి వస్తే నా ఓటు బ్రయన్ మాథ్యూగారి ‘ది ఐరిస్’కు. ఆయన లండను దగ్గర క్యూ తోటలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. పుస్తకం 1981లో బాట్స్‌ఫర్డ్‌వారు వేశారు, తరువాత సవరించిన కూర్పు కూడా వచ్చింది. పాత పేరు ఏమిటి, ఇప్పటి పేరు ఏమిటి, ఎందుకు మారింది అన్నది ఒక్కొక్క జాతి దగ్గరా చెబుతాడు. మాట క్లుప్తం, డాంబికం లేదు. ఐరిస్‌లన్నిటినీ ఆరు ఉపప్రజాతులుగా విడదీసిన ఆయన పద్ధతినే తరువాత చాలామంది అనుసరించారు. పాత ప్రతి ఒకటి విదేశం నుంచి తెప్పించుకున్నాను. ఎవరో అట్ట లోపల తమ తోట లెక్కలు రాసుకున్నారు. అదీ బాగానే వుంది.

దాని తరువాత చెప్పవలసింది బ్రిటిష్ ఐరిస్ సొసైటీలో అడవి జాతుల బృందంవారు కలిసి రాయగా 1997లో కేంబ్రిడ్జి ముద్రణాలయం వేసిన ‘ఎ గైడ్ టు స్పీషీస్ ఐరిసెస్’. మాథ్యూ తరువాత తేలిన సంగతులు ఇందులో చేరాయి. పెంచేవాళ్లకూ పనికివస్తుంది. కొహ్లైన్ అనే జర్మను ఆయన పుస్తకం 1987లో ఇంగ్లీషులో వచ్చింది, అది ఎక్కువగా తోటపనివారికి. రొదియోనెంకో అనే రష్యను శాస్త్రజ్ఞుడి గ్రంథం 1961లో లెనిన్‌గ్రాడులో వెలువడింది. ఐరిస్ అనే ఒక్క ఉమ్మడి కుటుంబాన్ని వేరుకాపురాలుగా పంచాలని ఆయన వాదం. పండితులకు విందు, నాబోటివాళ్లకు తలనొప్పి. చైనా జాతులు కావలసినవాళ్లకు వాడిక్, ఝావో అనే ఇద్దరు రాసిన ‘ఐరిస్ ఆఫ్ చైనా’, 1992 నాటిది, వుంది.

హిమాలయాల మట్టుకే అయితే ఇంత దూరం పోనక్కరలేదు. పొలునిన్, స్టెయింటన్ అనే ఇద్దరు రాసిన ‘ఫ్లవర్స్ ఆఫ్ ది హిమాలయ’ 1984లో ఆక్స్‌ఫర్డ్‌వారు వేశారు. చేతిసంచిలో పట్టే పుస్తకం కాదు గాని కారులో పెట్టుకుని పోవచ్చు. కాశ్మీరం వెళ్లేవాళ్లకు పాతకాలపు పుస్తకాలు రెండున్నాయి. ఒకటి అటవీశాఖ అధికారి కావెంట్రీ 1923 నుంచి 1930 దాకా మూడు భాగాలుగా తెచ్చిన ‘వైల్డ్ ఫ్లవర్స్ ఆఫ్ కశ్మీర్’. రెండోది బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో వుండిన ఫాదర్ బ్లాటర్ 1927, 28లలో రెండు సంపుటాలుగా వేసిన ‘బ్యూటిఫుల్ ఫ్లవర్స్ ఆఫ్ కశ్మీర్’. బొమ్మలు చూడముచ్చటగా వుంటాయి. పేర్లు మాత్రం ఇప్పటి పుస్తకంతో సరిచూసుకోవాలి. తూర్పు హిమాలయాలకు ‘ఫ్లోరా ఆఫ్ భూటాన్’ వుంది. అందులో ఐరిస్‌లున్న 1994 నాటి సంపుటం రాసిన హెన్రీ నోల్టీగారే తరువాత మన దక్షిణాది చిత్రకారులు రంగయ్య, గోవిందుల మీద 2007లో పుస్తకం తెచ్చారు. రాబర్ట్ వైట్ అనే డాక్టరు దగ్గర మొక్కల బొమ్మలు వేసిన ఆ ఇద్దరి పేర్లు అట్లా వెలుగులోకి వచ్చాయి. పువ్వు పేరు వెతుకుతూ పోతే మనవాళ్లు ఎదురయ్యారు!

ఇక షీట్ల సంగతి. మొదటిది తెల్లపువ్వు, గడ్డం వున్నది, ఎత్తయిన కాడ. ‘శ్రీనగర్, సమాధుల దగ్గర’ అని రాసి వుంది. ఇది బేకర్ అనే క్యూ పండితుడు 1877లో పేరు పెట్టిన ఐరిస్ కశ్మీరియానా. కాశ్మీరంలో గోరీల మీద ఈ పువ్వును నాటే ఆచారం వుంది. సమాధి పువ్వుల్లో అరేబియా నుంచి దేశాలకు పాకిన ఐరిస్ ఆల్బికాన్స్ అనే తెల్లది ఇంకొకటి వుంది. కాడకు చక్కని కొమ్మలు వున్నందువల్ల కశ్మీరియానా వైపే మొగ్గాను. మేష్టారూ ఒప్పుకున్నారు.

రెండోది గుల్‌మార్గ్‌లో జూన్ నెలలో కోసినది. జానెడు కూడా లేని మొక్క, రేకు మీద మచ్చలు, గడ్డం. కుమావనెన్సిసా, హుకరియానా అని సందేహం. రెండూ అక్కచెల్లెళ్లు. మొదటిదానికి పువ్వు కింద గొట్టం చాలా పొడుగు, కాడ దాదాపు వుండదు. రెండోదానికి గొట్టం పొట్టి, కాడ కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే రెండున్నర సెంటీమీటర్లు. హుకరియానా!

నాలుగో షీటు రాణీఖేత్‌ది. అక్కయ్య ఎందుకో దీన్ని వేళ్లతో సహా పెట్టింది, అదే కాపాడింది. చిన్న కణుపు, దాని కింద ఉబ్బిన వేళ్ల గుత్తి, పైన పాత ఆకుల పీచు. రేకు మీద జుట్టు. పాత పుస్తకాల్లో దీని పేరు ఐరిస్ నేపాలెన్సిస్. కాని ఆ పేరు అంతకుముందే గడ్డం వున్న ఇంకో ఐరిస్‌కు పెట్టేశారు గనక దీనికి చెల్లదు. ఇప్పుడు ఇది ఐరిస్ డెకోరా. తమాషా ఏమిటంటే, మాథ్యూగారి ఆరు ఉపప్రజాతుల్లో ఈ మొక్క వున్నదాని పేరు ‘నేపాలెన్సిస్’! పెళ్లయి ఇంటిపేరు మారినా పుట్టింటివాళ్లు పాత పేరుతో పిలిచినట్టు. ఈ పువ్వు మధ్యాహ్నం పొద్దువాలుతుంటే విచ్చుకుని ఆ రోజుకే సరి. డ్యూటీ దిగిన తరువాత వెళ్లి వుంటుంది అక్కయ్య.

పేరు తప్పితే ఏమవుతుందని మా మనవరాలు అడిగింది. “చిన్నమ్మమ్మా, పువ్వుకి తెలుస్తుందా?” అని. పువ్వుకు తెలియదు, నిజమే. మనిషికి తెలియాలి. యునానీ వైద్యులు ‘ఇర్సా’ అని వాడేది ఐరిస్ దుంప. ఆయుర్వేదంలో పుష్కరమూలం అనే మందుదినుసును పాత పుస్తకాలు కొన్ని ఐరిస్ దుంప అన్నాయి. ఇప్పటి అధికార గ్రంథం అది ఇన్యూలా రేసిమోసా అనే పూర్తిగా వేరే మొక్క అంటుంది. ఐరిస్ దుంపను పచ్చిగా తింటే వాంతులు, విరేచనాలు. మందు నూరేవాడి చేతికి ఏ వేరు వచ్చిందన్నది లేబులు రాసినవాడి మీద ఆధారపడి వుంటుంది గదా!

ఐదో షీటులో పువ్వు లేదు. మూడు పలకల కాయ ఒకటి, ఆకులు రెండు. ‘శ్రీనగర్ దారిలో’ అని వుంది, అంతే. దాన్ని ఏదో ఒకటి అని రాసెయ్యడం తేలికే. కాని మేష్టారూ నేనూ కూర్చుని ‘ఐరిస్’ అని మాత్రం రాసి, జాతి పేరు చోట ఖాళీ వదిలాం. హెర్బేరియంలో అట్లాంటి షీట్లకూ చోటుంటుందట. ప్రతి లేబులు మీదా అడుగున ‘సేకరించినవారు’ అని ఒక గీత వుంటుంది. అక్కడ అక్కయ్య పేరు ఇంటిపేరుతో సహా 31 సార్లు నా చేత్తోనే రాశాను.

కాశ్మీరమో కుమావనో వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఇప్పుడు మొక్కలు పీకవద్దు. అక్కయ్య కాలం వేరు. ఫోనుతో పువ్వును ఎదురుగా ఒకటి, పక్కనుంచి గొట్టం కనిపించేట్టు ఒకటి, ఆకు మొదలు దగ్గర ఒకటి తీయండి, పక్కన స్కేలో, రూపాయి బిళ్లో పెట్టండి. డబ్బు పెట్టి ఒక్క పుస్తకమే కొనదలిస్తే మాథ్యూది కొనండి. హుకర్‌నూ డైక్స్‌నూ ఇంటర్నెట్‌లో ఊరికే చదువుకోవచ్చు. క్యూ తోటవారి ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’లో పాత పేరు కొడితే ఇప్పటి పేరు చెబుతుంది, పైసా ఖర్చు లేదు. మాథ్యూ పుస్తకం నా దగ్గర ప్రతిని కూడా ఆ కాలేజీకే ఇచ్చేశాను. లెడ్జరు పక్కనే అదే బీరువాలో వుంది. రంగురంగుల తోటపూల పుస్తకం మాత్రం మా ఇంట్లోనే, మనవరాలు బొమ్మలు వేసుకోవడానికి.